'ఫ్రీరెన్' మొదటి సంపుటం: వేగంగా చూస్తే సగం పోతుంది

రాక్షసరాజు చచ్చాడు. పదేళ్ల యాత్ర ముగించుకుని నలుగురు వీరులు బండెక్కి రాజధానికి తిరిగొస్తున్నారు. వాళ్లు మాట్లాడుకునేది ఇక ఏ పని చేసుకుని బతకాలన్న దాని గురించి. మామూలు ఫాంటసీ సిరీస్‌లో ఇది ఆఖరి ఎపిసోడ్ ఆఖర్లో వచ్చే దృశ్యం. 'ఫ్రీరెన్: బియాండ్ జర్నీస్ ఎండ్' అనే అనిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) దీంతోనే మొదలవుతుంది. యుద్ధం ఎలా జరిగింది, రాక్షసరాజు ఎలా ఉండేవాడు అన్నవి మొదటి సంపుటం, అంటే మొదటి నాలుగు ఎపిసోడ్లు, పూర్తయినా మనకు చూపించరు. ఆ లోటు తెలియనివ్వకపోవడమే ఈ నాలుగు ఎపిసోడ్ల పనితనం.

ముందు వివరాలు. కనెహితో యమాద రాసి, త్సుకాసా అబె బొమ్మలు గీసిన మాంగా (జపనీస్ కామిక్) 2020లో 'వీక్లీ షోనెన్ సండే' పత్రికలో మొదలైంది. దాన్ని మాడ్‌హౌస్ స్టూడియో అనిమేగా తీసింది, మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు. దర్శకుడు కెయిచిరో సైతో, అంతకుముందు 'బొచ్చి ద రాక్' తీసినవాడు. 2023 సెప్టెంబర్ 29న నిప్పాన్ టీవీ మొదటి నాలుగు ఎపిసోడ్లనూ కలిపి, శుక్రవారం రాత్రి సినిమాలు వేసే సమయంలో రెండు గంటల ప్రత్యేక కార్యక్రమంగా ప్రసారం చేసింది. మిగతావి వారానికొకటి చొప్పున 2024 మార్చి 22 దాకా వచ్చాయి. మాంగా మొదటి పుస్తకంలోని కథ దాదాపుగా ఈ నాలుగింట్లోనే ఇమిడిపోయింది. అందుకే వీటిని విడి ఎపిసోడ్లుగా కాక ఒక సినిమాగా చూడాలి. నాలుగూ కలిపితే గంటా నలభై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. వీలైతే ఒకే రాత్రి చూసేయండి. మొదటిది చూసి వారం ఆగితే, రెండోదానిలో ఎవరు ఎంత ముసలివాళ్లయ్యారో లెక్క తప్పుతుంది.

లెక్క అన్న మాట ఊరికే అనలేదు. తెర మీద పడే చిన్న అక్షరాలను వదిలేస్తే ఈ సిరీస్ అర్థం కాదు. ఊరు మారినప్పుడల్లా ఆ చోటి పేరు, దాంతోపాటు "వీరుడు హిమ్మెల్ మరణించిన 20 ఏళ్లకు" అన్న తరహా వాక్యం ఒకటి పడుతుంది. మనం శాలివాహన శకం లెక్కపెట్టినట్టు ఈ కథ ఆ నలుగురి నాయకుడైన హిమ్మెల్ చావు నుంచి సంవత్సరాలు లెక్కపెడుతుంది. మొదటి సంపుటంలో ఆ అంకె 20 నుంచి 28కి చేరుతుంది. దానికి వెనక, యాత్ర ముగిశాక హిమ్మెల్ బతికిన ఇంకో 50 ఏళ్లు, ఆ వెనక పదేళ్ల యాత్ర. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. మూడో ఎపిసోడ్‌లో "80 ఏళ్ల కిందట" అన్నప్పుడు, అప్పటి అంకె 27కి 50 కలిపి, ఆ పదేళ్ల యాత్ర మధ్యలో ఎప్పుడో జరిగిన సంగతని మీకే తెలిసిపోతుంది. రచయిత ఆ లెక్క ఎక్కడా విప్పి చెప్పడు. కాలం ఎంత గడిచిందో పాత్రల నోట చెప్పించకుండా మనచేత లెక్క కట్టించడం నాకు ఈ సంపుటంలో అన్నిటికంటే నచ్చింది.

ఆ నలుగురిలో ఒకరైన ఫ్రీరెన్, మనుషులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ బతికే ఎల్ఫ్ జాతి మాంత్రికురాలు, వయసు వెయ్యేళ్లు దాటింది. ఆ పదేళ్ల యాత్ర ఆమె ఆయుష్షులో వందో వంతు కూడా కాదు. రాజధానిలో సంబరాలు జరిగిన రాత్రి నలుగురూ ఎరా ఉల్కాపాతం చూస్తారు. యాభై ఏళ్లకోసారి వచ్చేది అది. ఇంతకంటే బాగా కనిపించే చోటు తనకు తెలుసనీ, వచ్చేసారి తీసుకెళ్తాననీ ఫ్రీరెన్ వచ్చే వారం సంగతి చెప్పినంత తేలిగ్గా అంటుంది. ఆ నలుగురిలో మనుషులైన హిమ్మెల్, మతగురువు హైటర్‌ల మొహాలు ఆ క్షణంలో చూడండి. తర్వాత ఆ యాభై ఏళ్లూ కొన్ని షాట్లలో గడిచిపోతాయి. ఆమె తిరిగొచ్చింది కూడా మాట కోసం కాదు, హిమ్మెల్‌కు దాచమని ఇచ్చిన చీకటి డ్రాగన్ కొమ్ము కోసం. హిమ్మెల్ బట్టతల పడి, గడ్డం పెరిగి, నడుము వంగి, గుర్తుపట్టలేనట్టు ఉంటాడు. కొమ్ము మాత్రం అలమరలో భద్రంగా ఉంటుంది. పాత నలుగురూ కలిసి నడుచుకుంటూ వెళ్లి ఉల్కలు చూస్తారు. ఆ వెంటనే హిమ్మెల్ అంత్యక్రియలు.

ఇక్కడే మొదటి తడబాటు కూడా. అంత్యక్రియల్లో ఫ్రీరెన్ ఏడుస్తుంది. మనుషులు ఎక్కువ కాలం బతకరని తెలిసీ ఇతన్ని తెలుసుకోవాలని ఎందుకు అనుకోలేదు అంటుంది. సన్నివేశం బాగానే తీశారు. కానీ అప్పటికి మనకూ హిమ్మెల్ పెద్దగా తెలియడు. తెర మీద అతను కనిపించింది కొన్ని నిమిషాలే. ఆమె పశ్చాత్తాపం మనకు సమాచారంగా అందుతుంది తప్ప గుండెకు తగలదు. ఎపిసోడ్ అక్కడ ఆగిపోయుంటే ఇదో మంచి చిన్న కథ, అంతే. తర్వాతి మూడు ఎపిసోడ్లు ఆ చావును వెనక్కి వెళ్లి నింపుతాయి. పూలు, విగ్రహం, సూర్యోదయం, ఏది వచ్చినా హిమ్మెల్ అన్న ఓ మాటో చేసిన ఓ పనో గుర్తుకొస్తుంది. నాలుగోది చూశాక మొదటి ఎపిసోడ్‌లోని అంత్యక్రియలు మాత్రం మళ్లీ వేసుకు చూడండి. ఈసారి పనిచేస్తుంది. మొదటి ఎపిసోడ్‌కే చప్పగా ఉందని ఆపేసినవాళ్ల ఫిర్యాదు తప్పు కాదు, కాస్త తొందరపడ్డారంతే.

మొదటి ఎపిసోడ్ చివర మొదలై రెండోదానిలో సాగే కథ నిజానికి హైటర్‌ది. యాత్రలో ఉండగా ఈ మతగురువుకు తాగుడు ఎక్కువ. ఇప్పుడు మానేసి, యుద్ధంలో అనాథైన ఫెర్న్ అనే పిల్లను అడవిలో పెంచుతుంటాడు. ఆ పిల్లను శిష్యురాలిగా తీసుకెళ్లమని ఫ్రీరెన్‌ను అడుగుతాడు. ప్రమాదమని ఆమె ఒప్పుకోదు. అప్పుడు హైటర్ ఓ పాత మంత్రగ్రంథం తీసి, ఇందులో చావు లేకుండా చేసే విద్య ఉందేమో చూడమంటాడు, తీరిక దొరికినప్పుడు పిల్లకు నాలుగు ముక్కలు నేర్పమంటాడు. గ్రంథం విప్పి చదవడానికి ఐదారేళ్లు పడుతుందని ఆమె అంచనా. ఫ్రీరెన్‌కు ఐదారేళ్లంటే లెక్కలోకి రావు. పిల్ల పెరిగి పెద్దదవడానికి అవి చాలు. హైటర్ ఎత్తు మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. చావంటే భయపడే ముసలాడి వేషం వేసి, ఆ భయం మాటున పిల్లకు దారి చూపిస్తాడు. గురువుగారి అబద్ధం బయటపడే సన్నివేశంలో గొంతులు పెరగవు, సంగీతం ఎగదోయదు. అలా వదిలేయడం దర్శకుడికి తెలుసు.

పిల్లలతో కలిసి చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. హైటర్ ఫెర్న్‌ను మొదట చూసింది ఓ కొండ అంచున. ఆ పిల్ల అక్కడికి ఎందుకొచ్చిందో మాటల్లో స్పష్టంగా అనరు గానీ అర్థమవుతుంది. సంపుటంలో రక్తపాతం తక్కువే, అసభ్యత లేదు. ఆ ఒక్క సన్నివేశాన్ని మాత్రం పదేళ్లలోపు పిల్లల కోసం పెద్దవాళ్లు ముందే చూసి పెట్టుకోవాలి.

రెండో ఎపిసోడ్ రెండో సగంలో హిమ్మెల్ విగ్రహానికి పట్టిన మకిలి వదిలించే పని వస్తుంది. దాని చుట్టూ అతని సొంతూరి నీలిపువ్వు నాటాలని ఫ్రీరెన్‌కు పట్టుదల. ఆ మొక్క ఈ ప్రాంతంలో అంతరించి పోయిందని అందరూ అంటారు. నెలల తరబడి వెతుకుతుంది. చివరికి జాడ చెప్పేది మంత్రం కాదు, గింజలు దాచుకుని ఆ దాచిన చోటు మరిచిపోయే ఎలుక జాతి జంతువొకటి. ఈ కొసమెరుపు చాలా బాగుంది. అయితే వెతుకులాట మధ్యలో ఫెర్న్ ఆందోళన ఒకే భావాన్ని రెండుసార్లు చెబుతుంది. ఓ రెండు నిమిషాలు కోసేయొచ్చు.

మూడో ఎపిసోడ్ గురించి ఎక్కువ చెప్పాలి. సంపుటం మొత్తానికి పోరాటం ఇదొక్కటే, అదీ నిమిషాల్లో ముగుస్తుంది. ఫాంటసీ రాసేవాళ్లు, గేములు తయారుచేసేవాళ్లు దీన్ని ఆపి ఆపి చూడొచ్చు. కువాల్ అనే రాక్షసుడు 'జోల్‌ట్రాక్' అనే మంత్రం కనిపెట్టాడు. మనుషుల రక్షణ మంత్రాలనూ కవచాలనూ చీల్చుకుని పోయే మొదటి మంత్రం అది. ఆ ప్రాంతంలో సాహసయాత్రికుల్లో పదికి నలుగురిని, మాంత్రికుల్లో పదికి ఏడుగురిని అది చంపిందని చెబుతారు. హిమ్మెల్ బృందం అతన్ని ఓడించలేక రాయిగా బంధించి వదిలేసింది. 80 ఏళ్లకు ఆ బంధం సడలుతోంది. వదిలేసి పోతే ఊరికి ప్రమాదం కాబట్టి, ఫ్రీరెన్ తానే విప్పి తేల్చుకోవాలనుకుంటుంది.

మామూలు కథలో ఇక్కడ నిద్రలేచిన పాత రాక్షసుడు ఇప్పటివాళ్లను చితక్కొడతాడు. ఇక్కడ తిరగేశారు. అతను లేచి పాత మంత్రం వేస్తాడు, ఫెర్న్ అడ్డుకుంటుంది. ఫెర్న్‌కు అది 'మామూలు దాడి మంత్రం'. బళ్లో మొదటి పాఠంలాగా నేర్చుకున్నది. ఎందుకంటే ఆ 80 ఏళ్లలో మనుషులు జోల్‌ట్రాక్‌ను అణువణువూ విప్పి చూశారు. దాన్ని ఆపే రక్షణ మంత్రం కట్టారు, కవచాలు మెరుగుపరిచారు, మంత్రాన్ని కూడా తమ విద్యలో కలిపేసుకున్నారు. ఒక మేధావి సృష్టించిన ఆయుధం అందరి చేతికీ వచ్చి భయం పోగొట్టుకుంది. తుపాకీ చరిత్రలోనో, గుప్తలిపుల చరిత్రలోనో నిజంగా జరిగిన సంగతే ఇది. ఫాంటసీలో మంత్రవిద్యకు ఇలా చరిత్ర ఇచ్చేవాళ్లు అరుదు. చాలా కథల్లో పాత మంత్రమే గొప్పది, కొత్తతరం ఎప్పుడూ వెనకే.

కువాల్‌ను తెలివితక్కువవాడిగా చూపించకపోవడం ఇంకా నచ్చింది. తేనెపట్టు గదుల్లా షడ్భుజాలతో కట్టిన ఆ రక్షణను చూసిన కాసేపట్లోనే దాని లోపం పట్టేస్తాడు. ఒళ్లంతా కప్పుకుంటే శక్తి విపరీతంగా ఖర్చవుతుంది, కాబట్టి దెబ్బ పడే చోట పడే క్షణంలోనే వాడాలి. వెంటనే ఒకే గురికి బదులు అన్ని వైపుల నుంచీ దాడి మొదలుపెడతాడు. ఫెర్న్ మొత్తం కప్పుకోక తప్పదు, శక్తి కరిగిపోతుంటుంది. ఆ వ్యవధి చాలు ఫ్రీరెన్‌కు. పైకి లేచి అదే జోల్‌ట్రాక్‌ను రాక్షసుల మీద పనిచేసేలా మార్చి వదులుతుంది. ఎవరి మంత్రంతో వాళ్లే పోయారు. రాక్షసుడికీ ఎల్ఫ్‌కీ 80 ఏళ్లు రెప్పపాటు, మనుషులకు అది చాలా పెద్ద కాలం. కువాల్ పోయింది ఆ పాఠం వినక. ఫ్రీరెన్ నేర్చుకోవాల్సిందీ అదే పాఠం. పోరాటంలో, కథలో ఒకటే విషయం నడిపించడం అంటే ఇది. బంధం ఎలా ఉందో చూడ్డానికి హిమ్మెల్ ఏటా ఆ ఊరు వచ్చేవాడని గ్రామపెద్ద చెప్పే మాట ఈ ఎపిసోడ్‌లోదే. యాభై ఏళ్లు అతను ఏం చేశాడో ఆ ఒక్క వాక్యంలో కాస్త తెలుస్తుంది.

నాలుగో ఎపిసోడ్‌లో ముందు సముద్రతీరం శుభ్రం చేసే పని, తర్వాత కొత్త సంవత్సరపు సూర్యోదయం. పాత యాత్రలో ఫ్రీరెన్ నిద్రలేవక చూడలేదు. ఇప్పుడు ఫెర్న్ లేపితే చూస్తుంది. సూర్యుణ్ని చూసి కాదు, పక్కన ఫెర్న్ సంతోషం చూసి ఆమె మొహం మారుతుంది. రెండో సగంలో పాత బృందంలోని నాలుగోవాడు, డ్వార్ఫ్ (పొట్టివాళ్ల జాతి) యోధుడు ఐజెన్ సాయంతో ఫ్రీరెన్‌కు వెయ్యేళ్ల నాటి తన గురువు ఫ్లమ్మె రాతలు దొరుకుతాయి. ఉత్తరాన లోకం చివర ఆత్మలు విశ్రమించే చోటొకటి ఉందనీ, అక్కడ పోయినవాళ్లతో మాట్లాడవచ్చనీ అందులో ఉంటుంది. అది రాక్షసరాజు కోట ఉన్న చోటే. అంటే పాత దారినే మళ్లీ నడవాలి. సిరీస్ మొత్తానికి గమ్యం ఇక్కడ స్థిరపడుతుంది. కథ నిర్మాణంగా చక్కగా ఉంది గానీ, అంతవరకూ చూపించి చెప్పిన సిరీస్ ఇక్కడ కూర్చోబెట్టి వివరిస్తుంది. నాలుగింట్లో నీరసమైన పది నిమిషాలు ఇవే.

బొమ్మ, సంగీతం. రేఖలు పొదుపుగా ఉంటాయి, కదలిక మాత్రం పొదుపు కాదు. బట్టల మడతలు, జడ వేసుకోవడం, పుస్తకం మూయడం లాంటివాటికి మిగతా సిరీస్‌లు పోరాటాలకు దాచుకునే శ్రమ పెట్టారు. ఇవాన్ కాల్ వాద్యబృందం సంగీతం బాగుంది, అక్కడక్కడా అవసరం కంటే ఒక్క స్వరం ముందే మొదలవుతుంది. ఫ్రీరెన్‌కు అత్సుమి తనెజాకి, ఫెర్న్‌కు కానా ఇచినొసె గొంతులు. తనెజాకి 'స్పై ఫ్యామిలీ'లో చిన్నపిల్ల ఆన్యాకు చెప్పిన మనిషే అంటే నమ్మబుద్ధి కాదు. ఫ్రీరెన్ గొంతులో ఎత్తుపల్లాలు దాదాపు లేవు. ఆ చదునైన గొంతు అంత్యక్రియల్లో ఒక్కసారి పగులుతుంది. అందుకే మొదటిసారి జపనీస్ ధ్వనితో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడమంటాను. ఇంగ్లీష్ డబ్బింగ్ చెడ్డది కాదు, రెండోసారికి వాడుకోండి.

చూసే పద్ధతి గురించి మూడు మాటలు. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ లేదా ఆటో మోషన్ ప్లస్ అని ఉంటుంది. అనిమేలో ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేములపాటు నిలిపి ఉంచుతారు. టీవీ మధ్యలో లేని బొమ్మలు పుట్టిస్తే మొహాల అంచులు కరిగినట్టు కనిపిస్తాయి. రెండు, ఉల్కల రాత్రిని తక్కువ నాణ్యతలో చూడకండి. డేటా తక్కువైతే నల్లని ఆకాశం మెట్లుమెట్లుగా చీలుతుంది. 1080పీ స్థిరంగా వచ్చేదాకా ఆగండి, ఫోన్‌లో అయితే డౌన్‌లోడ్ చేసుకుని చూడటం మేలు. మూడు, 1.5 వేగం వద్దు. ఈ సంపుటంలో అర్థం చాలాచోట్ల మాటకూ మాటకూ మధ్య ఉన్న రెండు సెకన్లలో ఉంది. వేగం పెంచితే మీకు మిగిలేది కథ సారాంశం.

వారం వారం కొత్త శత్రువు, శక్తి పెరుగుదల, గెలుపు అన్న పద్ధతి కోరేవాళ్లు దీని జోలికి ఇప్పుడే పోవద్దు. వాళ్లకు తెలుగులో డబ్బింగ్ దొరికే 'సోలో లెవెలింగ్' ఉంది. ఫ్రీరెన్‌లో అలాంటి పోరాటాలు తర్వాతి సంపుటాల్లో వస్తాయి, అప్పుడు కూడా పాత్రలు తొందరపడరు. సరే గానీ కనీసం మూడో ఎపిసోడ్ దాకా చూసి, అప్పుడు తిట్టండి.

డిస్క్ కొనాలనుకునేవాళ్లకు. బ్లూ-రే ప్రాంతాల లెక్కలో జపాన్, అమెరికా రెండూ 'A' ప్రాంతం. యూరప్, ఆస్ట్రేలియా 'B', ఇండియా 'C'. అంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల ప్లేయర్‌లో జపాన్ డిస్క్ నేరుగా ఆడుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న ప్లేయర్ దాన్ని తిరస్కరించవచ్చు. అన్ని ప్రాంతాలకూ పనిచేసే ప్లేయర్ కావాలి. ఇంకో సంగతి, జపాన్‌లో అమ్మే అనిమే డిస్కులు చాలావాటిలో ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉండవు. అమ్మకం పేజీలో ఆ వివరం చూడకుండా డబ్బు కట్టొద్దు. జపనీస్ రానివాళ్లకు దిగుమతి డిస్క్ అల్మారాలో పెట్టుకోవడానికే. చూడటం కోసమైతే అనిమే స్ట్రీమింగ్ సేవ క్రంచీరోల్ చందా చాలు.